కర్బలా మట్టిని తెచ్చిన మంత్రి

మొహర్రం నెలవంక కనబడిన నాటి నుంచి మన సీమ పల్లెల్లో పీర్ల చావిళ్లకు కళ వస్తుంది. చావిడికి సున్నం కొడతారు. ముంగిట గుండం తవ్వుతారు. ఏడాది పొడవునా పెట్టెలో భద్రంగా ఉన్న పీర్లను వెలికి తీసి, కడిగి, పట్టు దట్టీలు చుట్టి, పూలదండలు వేసి నిలబెడతారు. చక్కెర, మలీదా చదివింపులు మొదలవుతాయి. మొక్కు ఉన్నవారు కులమతాలు చూసుకోకుండా వచ్చి దండం పెట్టుకుంటారు. దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో పుట్టి పెరిగిన మీకు ఇదంతా కొత్త కాదు. మీ వీధిలోనో, పక్క ఊరిలోనో ఒక కుళ్లాయప్ప, ఒక హుసేనమ్మ, ఒక దస్తగిరి ఉండే ఉంటారు. వారిలో కొందరు హిందువులే కావచ్చు కూడా.

అయితే ఆ పీర్లు మన పల్లెలకు ఏ దారిన వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? అరచేతి ఆకారంలో ఉండే ఆ పంజా ఎవరిది? క్రీ.శ. 680లో, మొహర్రం నెల పదవ నాడు, నేటి ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ముహమ్మద్ ప్రవక్త మనుమడు ఇమాం హుసేన్ తన కొద్దిపాటి అనుచరులతో కలిసి అమరుడయ్యాడు. అధర్మానికి తలవంచడం ఇష్టం లేక ప్రాణాన్నే వదులుకున్న ఆ త్యాగానికి గుర్తుగా, నాటి యుద్ధ పతాకాలను తలపించే ఆలములను నిలిపే ఆచారం ఏర్పడింది. ఆ ఆలములనే మనం పీర్లు అంటున్నాము. పంజాలోని ఐదు వేళ్లు ప్రవక్తకు, ఆయన కుమార్తె ఫాతిమాకు, అల్లుడు అలీకి, మనుమలు హసన్, హుసేన్‌లకు సంకేతాలు. 1501లో ఇరాన్‌లో సఫవీ వంశం షియా సంప్రదాయాన్ని రాజ్యధర్మంగా స్వీకరించిన తరువాత ఈ ఆచారానికి అక్కడ గొప్ప ఆదరణ లభించింది. అక్కడి నుంచి సముద్రం దాటి గోల్కొండకు చేరింది.

దువ్వూరు నుంచి చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు మీదుగా ఉత్తరానికి సాగే దారి మిమ్మల్ని చివరకు హైదరాబాదుకు చేరుస్తుంది. ఆ నగరపు పాతబస్తీలో మీరు ఏ వైపు అడుగు వేసినా ఒక ఇరానీ పండితుని ఆలోచన మీ కాళ్ల కింద ఉంటుంది. ఆయన పేరు మీర్ ముహమ్మద్ మోమిన్ అస్త్రాబాదీ. నలభై ఏళ్ల పాటు గోల్కొండ రాజ్యానికి పేష్వాగా ఉండి, అధికారాన్ని అనుభవించే భోగంగా గాక మోయవలసిన బాధ్యతగా భావించిన ఆ మహనీయుని కథ నేడు మనకు స్మరణీయం.

అస్త్రాబాదు నుంచి రాజధానికి

కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయంగా, ఉత్తర ఇరాన్‌లో గోర్గాన్ అనే నగరం ఉంది. దాని పాత పేరు అస్త్రాబాదు. ఒక వంక పచ్చని అడవులు, మరొక వంక మధ్య ఆసియా గడ్డి మైదానాలు. ఆ సరిహద్దు ఊరిలోని ఒక సయ్యద్ కుటుంబంలో మీర్ మోమిన్ జన్మించారు. సయ్యద్‌లు ప్రవక్త వంశీకులుగా గౌరవం పొందేవారు. వారి ఇంట విద్యకే పెద్దపీట. మీర్ మోమిన్ మేనమామ ఫఖ్రుద్దీన్ సమ్మాకీ ఆ కాలంలో పేరు మోసిన పండితుడు. ఆయన వద్దనే మీర్ మోమిన్ మతశాస్త్రాలు, తర్కం, ఇతర విద్యలు అభ్యసించారు. పారశీక భాషలో కవిత్వం చెప్పగల నేర్పు కూడా అలవడింది.

ఆనాటి ఇరాన్‌ను షా తహ్మాస్ప్ పాలిస్తున్నాడు. రాజధాని కజ్వీన్. చిత్రలేఖనం, పుస్తక లేఖనం, తివాచీల నేత, నీలి పలకల అలంకరణ ఆ ఆస్థానంలో ఉన్నత స్థాయికి చేరాయి. అంతకు ముందు సమర్కందు, హెరాత్ నగరాలలో తైమూరు వంశీయులు పెంచి పోషించిన కళలకు సఫవీలు వారసులయ్యారు. మీర్ మోమిన్ పాండిత్యాన్ని, శీలాన్ని గుర్తించిన తహ్మాస్ప్ తన కుమారుడు హైదర్ మీర్జాకు ఆయనను గురువుగా నియమించాడు. రాజకుమారునికి చదువు చెప్పడమంటే భవిష్యత్తు రాజును తీర్చిదిద్దడమే. ఏ పండితునికైనా అంతకు మించిన గౌరవం ఏముంటుంది?

కానీ కాలం మరొకటి తలచింది. 1576లో తహ్మాస్ప్ కన్నుమూశాడు. హైదర్ మీర్జా తానే రాజునని ప్రకటించుకున్నాడు. అంతఃపురం వర్గాలుగా చీలిపోయింది. తండ్రి మరణించి ఎంతో సేపు గడవక ముందే ఆ యువకుడు ప్రత్యర్థుల చేతిలో హతుడయ్యాడు. చెరసాల నుంచి వచ్చి సింహాసనమెక్కిన అతని సోదరుడు రెండవ ఇస్మాయిల్ తన సొంత రక్తసంబంధీకులనే ఒకరి తరువాత ఒకరిని చంపించాడు. ఏడాదిన్నర తిరగకుండానే తానూ మరణించాడు. తాను అక్షరాలు దిద్దించిన చేయి నిర్జీవమైపోవడం చూసిన గురువు హృదయం ఎంతగా తల్లడిల్లి ఉంటుందో మీరే ఊహించండి. సింహాసనం అనేది ఎంత అస్థిరమో, వారసత్వపు తగవు ఎంత రక్తాన్ని తాగుతుందో ఆయనకు పుస్తకాలు చెప్పనక్కర లేకపోయింది.

స్వదేశంలో ఇక తనకు చోటు లేదని గ్రహించిన మీర్ మోమిన్ దక్కనుకు ప్రయాణం కట్టారు. 1581లో గోల్కొండ చేరారు.

తెలుగు నేల మీద పారశీక నీడ

ఒక ఇరానీ పండితుడు వేల మైళ్లు దాటి తెలుగు నేలకే ఎందుకు రావాలన్న సందేహం మీకు కలగవచ్చు. ఆ కాలంలో పారశీకం ఒక దేశపు భాష మాత్రమే కాదు. ఇస్తాంబుల్ నుంచి సమర్కందు దాకా, ఢిల్లీ నుంచి దక్కను దాకా రాజసభల మర్యాదను నిర్ణయించిన నాగరికత అది. 1443లో హెరాత్ నుంచి తైమూరు కుమారుడు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరానికి వచ్చి, ఆ నగర వైభవాన్ని పారశీకంలో వర్ణించాడు. మీరు తిరుమల వెళ్లినప్పుడు దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహాన్ని చూసే ఉంటారు. ఆ చక్రవర్తి శిరస్సు మీద ఉన్న పొడవైన టోపీయే కుళ్లాయి. కులాహ్ అనే పారశీక పదమే తెలుగులో కుళ్లాయి అయింది. శ్రీవారి సన్నిధిలో నిలిచిన రాయల తలమీద ఆ టోపీ ఎవరికీ అపచారంగా తోచలేదు. అనంతపురం జిల్లా గూగూడులో వెలసిన కుళ్లాయిస్వామి పేరులోనూ ఆ మాటే ఉంది.

గోల్కొండ కుతుబ్ షాహీల మూలం కూడా ఇరానే. వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతానికి చెందిన కరాకోయున్లు తెగ వాడు. కరాకోయున్లు అంటే నల్లగొర్రెల వారని అర్థం. స్వదేశంలో ప్రత్యర్థి తెగ గెలవడంతో అతడు వలస వచ్చి బహమనీల కొలువులో చేరాడు. క్రమంగా ఎదిగి గోల్కొండకు ప్రభువయ్యాడు. అతని కుమారుడు ఇబ్రహీం యౌవనంలో ఏడేళ్లు విజయనగరంలో ఆశ్రయం పొందాడు. 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం తెలుగు కవులను ఎంతగా ఆదరించాడంటే, వారు అతనిని మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు.

ఇబ్రహీం తరువాత అతని కుమారుడు ముహమ్మద్ కులీ 1580లో గద్దెనెక్కాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్లు. కవి హృదయుడు, పండుగలన్నా పాటలన్నా ప్రాణం పెట్టేవాడు. మరుసటి ఏడే మీర్ మోమిన్ గోల్కొండలో అడుగు పెట్టారు. ఒక శిష్యుని పోగొట్టుకున్న గురువు మరొక కుర్ర రాజు ముందు నిలిచాడు. ఆ యువరాజు పండితుని విలువ తెలుసుకున్నాడు. 1585 ప్రాంతంలో మీర్ మోమిన్‌కు పేష్వా పదవి దక్కింది. పేష్వా అంటే ముందు నడిచేవాడు. రాజు తరువాత రాజంతటి పదవి అది. సరదాల రాజుకు, నిష్ఠాపరుడైన మంత్రికి స్వభావంలో ఎంతో అంతరం ఉన్నా, వారి బంధం రాజు జీవితాంతం చెక్కుచెదరలేదు.

స్వర్గానికి నమూనాగా ఒక నగరం

గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయింది. నీటికి ఇబ్బంది, రోగాల బెడద. మూసీ నది దక్షిణపు ఒడ్డున కొత్త నగరం కట్టాలని సుల్తాను సంకల్పించాడు. 1591లో పని మొదలైంది. ఆ నగర ప్రణాళికలో ప్రధాన పాత్ర మీర్ మోమిన్‌దేనని చరిత్రకారులు చెబుతారు.

ఇరానీ ఉద్యానవనాన్ని చార్‌బాగ్ అంటారు. నాలుగు కాలువలు ఒక కేంద్రం వద్ద కలుసుకోగా, తోట నాలుగు భాగాలవుతుంది. పవిత్ర ఖురాన్‌లో వర్ణించిన స్వర్గ వనాలకు అది భూమి మీది ప్రతిబింబమని భావించేవారు. ఆ తోట నమూనాను మీర్ మోమిన్ నగరానికి అన్వయించారు. నట్టనడుమ చార్మినార్, అక్కడి నుంచి నాలుగు దిక్కులకు నాలుగు రాజవీధులు. ఉత్తరాన విశాలమైన కూడలి, దాని చుట్టూ నాలుగు కమానులు, మధ్యలో నీటి కొలను. ఆ కొలనును నేడు గుల్జార్ హౌజ్ అంటారు. వీధుల వెంట అంగళ్లు, స్నానశాలలు, తోటలు వచ్చాయి. దారుష్షిఫా పేరుతో వైద్యశాల వెలసింది. తోటల వల్లనే ఆ ఊరికి బాగ్‌నగర్ అన్న పేరూ వాడుకలోకి వచ్చింది. హైదరాబాదును మరో ఇస్ఫహాన్ అని పొగడడం మీరు వినే ఉంటారు. నిజానికి షా అబ్బాస్ ఇస్ఫహాన్‌ను రాజధానిగా చేసుకున్నది 1598లో. మన హైదరాబాదుకు అంతకు ఏడేళ్ల ముందే పునాది పడింది.

చార్మినార్‌ను కింద నుంచి చూసి వెనుదిరిగే వారికి ఒక సంగతి తెలియదు. దాని పై అంతస్తులో పడమటి వైపు ఒక మసీదు ఉంది. నగరపు నడిబొడ్డున, రాజవీధులన్నీ కలిసే చోట, అన్నిటికంటే ఎత్తున నిలిపింది రాజసింహాసనాన్ని కాదు, ప్రార్థనా స్థలాన్ని. ఆ నిర్మాణంలో దాగిన భక్తి సందేశం అదే. బజారులో బేరమాడుతున్న మనిషి తలెత్తితే తనకు పైన ఒకడున్నాడని గుర్తుకు రావాలి.

అషుర్‌ఖానాలో విరిసిన రంగులు

చార్మినార్ పూర్తయిన కొద్ది ఏళ్లకే మొహర్రం సంతాప సభల కోసం బాద్షాహీ అషుర్‌ఖానా నిర్మాణం జరిగింది. అషూరా అంటే పదవ రోజు. ఆ పదవ నాటి స్మరణకు కట్టిన ఇల్లు అషుర్‌ఖానా. 1611 నాటికి దాని గోడలకు ఇరానీ పద్ధతిలో రంగురంగుల పింగాణీ పలకలు అమిరాయి. ఒకే రంగు పలకలను సన్నని ముక్కలుగా కోసి, ఒకదానితో ఒకటి పొదిగి, ఆలముల ఆకారాలు, దివ్యాక్షరాలు, పూలతీగలు రూపొందించే ఆ విద్య తైమూరు వంశీయుల కాలంలో సమర్కందు, హెరాత్ మసీదులను అలంకరించినదే. అయితే ఇక్కడ వాడిన పసుపు, నారింజ రంగుల మెరుపు మాత్రం దక్కను సొంతం.

ఆ గోడలు ఎన్నో కష్టాలు చూశాయి. 1687లో గోల్కొండ మొఘలుల వశమైన తరువాత కొంతకాలం అక్కడ దీపం పెట్టే దిక్కు లేకపోయింది. ఆ తరువాత నిజాముల కాలంలో మళ్లీ పూర్వ వైభవం వచ్చింది. 1908 మూసీ వరదల్లో గోడల కింది భాగం దెబ్బతిన్నది. అయినా పై భాగపు పలకలు నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా నిన్న మొన్న పొదిగినట్లే మెరుస్తాయి.

మొహర్రం నెలలో రాజభవనంలో సంగీత నృత్యాలు ఆగిపోయేవి. పండుగలంటే పడిచచ్చే ముహమ్మద్ కులీ సైతం ఆ రోజుల్లో నల్లని దుస్తులు ధరించి ఆలముల ముందు నిలిచేవాడు. కర్బలా అమరులను తలచుకుని దక్కనీ భాషలో శోకగీతాలు రాశాడు. వసంతోత్సవాన్ని వర్ణించిన కలమూ అదే. ఏలిక ఆడుకోవలసిన వేళ ఆడుకోవాలి, తలవంచవలసిన వేళ తలవంచాలి. ఆ నిగ్రహాన్ని రాజుకు అలవరచడంలో పేష్వా సాహచర్యం తోడ్పడి ఉంటుందని భావించవచ్చు.

పేష్వా దృష్టి రాజధానికే పరిమితం కాలేదు. నగరం చుట్టుపక్కల ఆయన ఊళ్లు కట్టించారు, చెరువులు తవ్వించారు, మసీదులు నిర్మించారు. నేడు హైదరాబాదులో కలిసిపోయిన సైదాబాదు, మీర్‌పేట అలా వెలసినవే. మీర్‌పేట పేరులో ఆయన బిరుదూ, సైదాబాదు పేరులో ఆయన వంశమూ నిలిచిపోయాయి. మీర్ మోమిన్ జీవితాన్ని ఉర్దూలో గ్రంథస్థం చేసిన పండితుడు డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఈ గ్రామాలకు చాలా ప్రాముఖ్యమిచ్చారు. పల్లెలో చెరువు తవ్వించి, చెంతనే ప్రార్థనకూ సంతాపానికీ చోటు కల్పించడం వల్ల, పారశీకం ముక్క తెలియని తెలుగు రైతుకు కూడా కర్బలా కథ చేరువైంది. చెరువు నీరు తాగేవారికి మతభేదం ఉండదు కదా!

రక్తం చిందని పట్టాభిషేకం

1612 ఆరంభంలో ముహమ్మద్ కులీ మరణించాడు. అతనికి కుమారులు లేరు. ఒకే ఒక కుమార్తె హయాత్ బక్షీ బేగం. మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ముప్పై ఆరేళ్ల కిందట కజ్వీన్‌లో ఏ స్థితి ఏర్పడిందో, సరిగ్గా అదే స్థితి గోల్కొండలోనూ ఏర్పడింది. రాజు లేడు, సింహాసనం ఖాళీగా ఉంది, కోటలో వర్గాలున్నాయి. నాడు నిస్సహాయుడైన గురువు నేడు రాజ్యానికి పేష్వా.

ముహమ్మద్ కులీ తన సోదరుని కుమారుడైన సుల్తాన్ ముహమ్మద్‌ను పెంచి పెద్దచేసి, కుమార్తెనిచ్చి వివాహం చేశాడు. ఆ బాలుని విద్యాబుద్ధులు మీర్ మోమిన్ పర్యవేక్షణలోనే సాగాయి. సుల్తాను కన్నుమూయగానే పేష్వా ఆలస్యం చేయలేదు. ఎవరికీ కత్తి దూసే వ్యవధి ఇవ్వకుండా సుల్తాన్ ముహమ్మద్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఒక్క రక్తపు బొట్టు చిందలేదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు అందే ఇంటి తాళంచెవిలా రాజ్యం చేతులు మారింది.

హైదర్ మీర్జాను కాపాడుకోలేకపోయిన గురువు సుల్తాన్ ముహమ్మద్‌ను కాపాడుకోగలిగారు. గాయపడిన మనిషి ఆ గాయాన్ని పగగా మార్చుకోవచ్చు, జాగ్రత్తగానూ మార్చుకోవచ్చు. తనకు జరిగినది మరొకరికి జరగకుండా చూడటమే నిజమైన ప్రతీకారం. మీర్ మోమిన్ జీవితంలో మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

కొత్త సుల్తాను మామగారి వంటి విలాసి కాడు. గ్రంథపఠనంలో, దైవచింతనలో కాలం గడిపేవాడు. 1617లో మక్కా మసీదుకు పునాది వేయించాడు. ఆ సందర్భంలో ఒక కథ ప్రచారంలో ఉంది. జీవితంలో ఒక్కనాడు కూడా అర్ధరాత్రి దాటాక చేసే ప్రార్థన తప్పని వాడే తొలి రాయి వేయాలని షరతు పెట్టారట. చుట్టూ చేరిన పెద్దలలో ఎవరూ ముందుకు రాలేదు. చివరకు సుల్తానే ముందుకు వచ్చాడని ప్రతీతి. ఆ నిర్మాణ పర్యవేక్షణ బాధ్యతను మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి అనే ఇద్దరికి అప్పగించారు. పేర్లను బట్టే మీకు విషయం బోధపడి ఉంటుంది. అల్లా ఇంటికి ఒక మహమ్మదీయుడు, ఒక తెలుగు హిందువు కలిసి కొలతలు చూశారు. ఆ మసీదు పూర్తి కావడానికి 1694 దాకా పట్టింది.

ఇంతటి రాజకార్యాల నడుమ కూడా మీర్ మోమిన్ కలం ఆగలేదు. పారశీకంలో కవితలు రాశారు. మతశాస్త్ర గ్రంథంతో పాటు తూనికలు, కొలతల మీద ఒక గ్రంథం రచించారు. మంత్రికి తూకంతో పనేమిటని అనిపించవచ్చు. కానీ త్రాసు సరిగా లేని బజారులో ధర్మం నిలవదు. దానధర్మాలకు ఎంత ధాన్యం, ఎంత వెండి లెక్క కట్టాలో తేలాలన్నా కొలత తెలియాలి. భక్తి అంటే కళ్లు మూసుకోవడం మాత్రమే కాదు, ముల్లు నిటారుగా నిలిచేలా చూడటం కూడా అని ఆ పండితుడు గుర్తించారు.

అందరికీ ఆరడుగుల చోటు

నగరం కట్టినవారు బతికినవారి గురించి ఆలోచిస్తారు. మీర్ మోమిన్ చనిపోయినవారి గురించి కూడా ఆలోచించారు. దూరదేశాల నుంచి వచ్చి ఇక్కడే కన్నుమూసే ఇరానీలు ఎందరో. వారికి సొంత గడ్డలో పూడ్చబడే యోగం లేదు. కర్బలా నేలలో కలిసిపోవాలన్నది షియా భక్తుల చిరకాల వాంఛ. అది అందరికీ సాధ్యమయ్యే పని కాదు. దానికి ఆయన కనుగొన్న ఉపాయం అపూర్వం. నగరానికి చేరువలో భూమి సేకరించి శ్మశానవాటిక కోసం ధర్మంగా ఇచ్చారు. కర్బలా నుంచి ఓడల మీద మట్టిని తెప్పించి ఆ నేలలో కలిపించారని తరతరాలుగా చెప్పుకుంటారు. భక్తుడు కర్బలాకు పోలేకపోతే కర్బలాయే భక్తుని వద్దకు వచ్చిందన్న మాట.

అదే నేడు దాయిరా మీర్ మోమిన్ అని పిలిచే స్థలం. దాయిరా అంటే వలయం, ఆవరణ. అంతకు పూర్వమే అక్కడ షా చిరాగ్ అనే సాధువు సమాధి ఉండేదని, ఆ పుణ్యపురుషుని సన్నిధిలోనే మీర్ మోమిన్ ఈ వాటికను ఏర్పరచారని సంప్రదాయం. 1625లో ఆయన కూడా అక్కడే విశ్రమించారు. నిజాం రాజ్యానికి దివానుగా ఖ్యాతి పొంది 1883లో మరణించిన మొదటి సాలార్ జంగ్ సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది. పేరు తెలియని సామాన్యులు, పేరు మోసిన దివానులు ఇరుగుపొరుగున నిద్రిస్తున్నారు.

గోల్కొండ కోట చెంత సుల్తానుల గుంబజులు ఆకాశాన్ని తాకుతున్నట్లు ఉంటాయి. వాటితో పోలిస్తే నలభై ఏళ్లు రాజ్యాన్ని నడిపిన పేష్వా సమాధి ఎంతో నిరాడంబరం. తలచుకుంటే ఆయన తనకోసం ఏమి కట్టించుకోలేరు? నగరం ఆయన గీసిన గీత మీద లేచింది. రాజ్యపు సొమ్ము ఆయన చేతుల మీదుగా నడిచింది. అయినా తనకంటూ కోరుకున్నది, తాను పదిమందికీ ఇచ్చిన ఆ ఆరడుగుల చోటునే.

గండికోట చెప్పే మరో కథ

మీర్ మోమిన్ జీవితపు విలువ బాగా తెలియాలంటే మన జమ్మలమడుగు సమీపంలోని గండికోటకు రావాలి. ఆయన మరణించిన పాతికేళ్లకు, 1650 ప్రాంతంలో, పెమ్మసాని నాయకుల చేతిలోని ఆ దుర్గాన్ని గోల్కొండ సేనలు వశం చేసుకున్నాయి. ఆ సేనలను నడిపిన మీర్ జుమ్లా కూడా ఇరానీయే. ఇస్ఫహాన్ చెంతనున్న అర్దిస్తాన్ అతని ఊరు. నూనె వ్యాపారి కొడుకుగా పుట్టి, వజ్రాల వర్తకంలో కోట్లు గడించి, మీర్ మోమిన్ సేవించిన ఆ గోల్కొండలోనే ఉన్నత పదవికి ఎదిగాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అతనిని కలవడానికి గండికోటకే వచ్చాడు.

ఆ సంపద అతనిని స్థిమితంగా ఉండనివ్వలేదు. తనకు అన్నం పెట్టిన సుల్తానుతో చెడింది. మొఘలుల పక్షం చేరాడు. పదవులు పెరిగాయి, యుద్ధాలు పెరిగాయి. చివరకు 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ వ్యాధితో మరణించాడు. ఇద్దరూ ఒకే దేశం నుంచి వచ్చారు, ఒకే గద్దెను ఆశ్రయించారు, ఇద్దరూ అందలమెక్కారు. ఒకరు రాజ్యం నుంచి తీసుకుని వెళ్లిపోయారు. ఒకరు రాజ్యానికి ఇచ్చి ఇక్కడి మట్టిలో కలిసిపోయారు. గండికోటలో నేటికీ మాధవరాయస్వామి ఆలయ గోపురం, జామియా మసీదు మినార్లు ఒకే ఆకాశం కింద నిలిచి ఉన్నాయి. వాటి నడుమ నడిచేటప్పుడు ఈ ఇద్దరిలో ఎవరి దారి మేలో మీరే తేల్చుకోవచ్చు.

మన నోట నిలిచిన వారసత్వం

గోల్కొండ ఏలుబడి విస్తరించడంతో కడప సీమకు పారశీక ప్రభావం మరింత చేరువైంది. గోల్కొండ సేనాని నేక్‌నాం ఖాన్ పేరిట కడపకు కొంతకాలం నేక్‌నామాబాదు అనే పేరు కూడా నడిచింది. ఆ పేరు మరుగున పడింది గాని మాటలు మాత్రం పోలేదు. మీరు ప్రొద్దుటూరు బజారుకు వెళ్లి, అంగట్లో గుమాస్తాతో మాట్లాడి, దర్జీకి గుడ్డ ఇచ్చి, కాగితం మీద దస్తావేజు రాయించుకుంటే, ఆ ఒక్క రోజులో ఎన్నో పారశీక పదాలు మీ నోట పలికినట్లే. రోజు అన్న మాట కూడా అక్కడిదే. పెద్దవాడు, గురువు అనే అర్థంలో పీర్, పూజ్యుల సన్నిధి అనే అర్థంలో దర్గా, చేయి పట్టి నడిపించేవాడనే అర్థంలో దస్తగిరి, చివరకు చావిడిలో పంచే మలీదా, అన్నీ ఆ దారిన వచ్చినవే.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరిగితే అది రుణమవుతుంది. రెండువైపులా జరిగితే బంధుత్వమవుతుంది. ఉగాది నాడు దేవుని కడప శ్రీలక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం సోదరులు కాయా కర్పూరంతో బారులు తీరడం మీకు తెలుసు. అదే కడపలో పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు తరలి వెళ్లడమూ తెలుసు. ఇవేవీ ఒక్కనాటిలో పుట్టిన మర్యాదలు కావు. వేరే నేల నుంచి వచ్చి, ఈ నేలను తనదిగా భావించి, చెరువు తవ్వి, దారి వేసి, చివరకు తన దేహాన్ని కూడా దీనికే అప్పగించిన మీర్ మోమిన్ వంటి వారు వేసిన విత్తనాలవి.

ఆయన నమ్మిన ధర్మం వేరు కావచ్చు, మీరు కొలిచే దైవం వేరు కావచ్చు. కానీ అధికారం చేతికి అందినప్పుడు మనిషి ఎలా ఉండాలన్న ప్రశ్నకు అన్ని ధర్మాలూ చెప్పే సమాధానం ఒక్కటే. పదవి మనది కాదు, మన చేతిలో ఉంచినది మాత్రమే. దానిని ఒకనాడు తిరిగి అప్పగించాలి. ఈసారి మొహర్రం వచ్చినప్పుడు మీ ఊరి చావిడి ముందు ఒక్క క్షణం నిలవండి. ఆ పంజాకు చేతులు జోడించేటప్పుడు కర్బలా వీరుల త్యాగంతో పాటు, ఆ స్మృతిని పారశీక దేశం నుంచి తెలుగు నేలకు మోసుకొచ్చి, అందుకు ప్రతిగా ఏమీ కోరని ఆ వృద్ధ మంత్రిని కూడా తలచుకోండి.